ఇల్లంతా చెదలే అన్నారు: అమలాపురం దగ్గర ఒక ఇంటి కలప కేసు

ముందు ఇంటి సంగతి. కోనసీమలో అమలాపురానికి దగ్గర్లో ఒక పల్లెటూరు, కట్టి రెండేళ్లయిన రెండంతస్తుల డాబా. గుమ్మాలన్నీ వేప, 5×3 అంగుళాల సెక్షన్, ఓనరు గారి దొడ్లో చెట్లే పడగొట్టి సామిల్లులో కోయించినవి (సొంత దొడ్డైనా 2002 వాల్టా, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి పర్మిషన్ ఉండాలి, వీళ్లు తీసుకున్నారు). తలుపులు ఆఫ్రికా నుంచి వచ్చే ప్లాంటేషన్ టేకు, కొన్ని పానెల్ తలుపులు, కొన్నేమో పలకలు పక్కపక్కన అంటించి ఒకే చెక్కలా కనపడేలా చేసినవి. వీధి వరండాకి నాలుగు నల్లమద్ది స్తంభాలు. కంప్లయింట్ ఒక్క ముక్కలో, "చెదలండి బాబూ, ఇల్లంతా చెదలే, మందు కొట్టించిన ప్రతిసారీ నెల్రోజులు బాగుంటది, మళ్లీ మామూలే". నన్ను పిలిచింది కూడా మందు కోసం కాదు, గుమ్మాలన్నీ పీకించేసి డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) పెట్టించేద్దామని డిసైడైపోయారు, ఒకసారి చూసి సరేననండి అని పిలిచారు.

చూశాక నేను సరేననలేదు. ఆ ఇంట్లో నాలుగు వేర్వేరు సమస్యలున్నాయి, అందులో చెదలు ఒకే ఒక్క గుమ్మానికి. మిగతావి పుచ్చు పురుగు, కర్ర కుదించుకుపోవడం, స్తంభాల అడుగున కుళ్లు. నాలుగింటికీ ఒకే మందు కొడుతూ పోయారు కాబట్టి ఏదీ తగ్గలేదు, పెస్ట్ కంట్రోల్ వాళ్లదీ పూర్తి తప్పు అనను, ఫోన్లో చెదలు అని చెప్తే వాళ్లు చెదల మందే తెస్తారు కదా.

పొడి చూసి మొదలుపెట్టండి. గుమ్మాల కింద రాలిన పొడి చేతిలోకి తీసుకుంటే చాలా మెత్తగా ఉంది, వేళ్ల మధ్య రాస్తే గరుకు తగల్లేదు. కర్ర మీద 1, 2 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రాలు. ఇది చెదల పని కాదు. మన నేల చెదలు ఎక్కడికెళ్లినా మట్టి గొట్టం కట్టుకునే వెళ్తాయి, తిన్నచోట మట్టి నింపుతాయి, పొడి రాల్చవు. పొడి కర్రలోనే బతికే చెద ఇంకో రకం ఉంది, అదైతే గసగసాల సైజులో గట్టి గింజలు రాలుస్తుంది. మెత్తటి పొడి, చిన్న గుండ్రటి రంధ్రం అంటే బీటిల్ జాతి, లిక్టస్ లాంటివి, మనవాళ్లు పుచ్చు అంటారు.

తర్వాత ఒక సుద్ద ముక్క తీసుకుని ప్రతి గుమ్మం మీదా చేవ (మధ్యలోని ముదురు కర్ర) ఎక్కడ అయిపోతోందో, తెల్లచెక్క (బెరడు కిందుండే లేత రంగు కర్ర) ఎక్కడ మొదలవుతోందో గీత గీశాను. పాలిష్ వేసినా కొంచెం పట్టి చూస్తే రంగు తేడా తెలుస్తుంది, తెలియని చోట వెనకవైపు కొంచెం గీకితే తెలుస్తుంది. ఆ గీతకి అటువైపు, అంటే తెల్లచెక్కలోనే, రంధ్రాలన్నీ. చేవలో ఒక్కటి లేదు. ఓనరు గారికి అదే అర్థం కాలేదు, "వేపకి పురుగు పట్టదంటారు కదండీ". వేప చేవకి పట్టదు, నిజమే. చెట్టు ఏదైనా, టేకైనా సరే, బయటి తెల్లచెక్కలో చెట్టు దాచుకున్న పిండిపదార్థం ఉంటుంది, పురుగుని ఆపే పదార్థాలు చేవలో చేరినట్టు అందులో చేరవు. వీళ్ల చెట్లు మరీ ముదురువి కావు, వాటిలోంచి 5×3 సెక్షన్లు ఎక్కువ లాగాలని సామిల్లులో అంచుల్లో తెల్లచెక్క కూడా కలిపి కోసేశారు. ప్లాంటేషన్ టేకుదీ అదే గొడవ, తక్కువ వయసులో కొట్టిన చెట్టులో తెల్లచెక్క పాలు ఎక్కువ, దానికి టేకు రంగు స్టెయిన్ పూసేస్తే కొనేవాడికి తేడా ఎలా తెలుస్తుంది. కొనేటప్పుడు స్టెయిన్ లేకుండా చూపించమనండి, చూపించకపోతే వేరే అడితికి వెళ్లండి.

మందు ఎందుకు పని చేయలేదంటే, పాలిష్ మీద స్ప్రే చేశారు. పాలిష్ ఉన్నదే ఏదీ లోపలికి పోకుండా, ఇక మందెలా పోతుంది. పైగా పురుగు లోపల నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైన తింటూ ఉండి చివర్లో రెక్కలొచ్చాక బయటకి వస్తూ రంధ్రం చేస్తుంది, అంటే మీకు కనపడే రంధ్రం అది వెళ్లిపోయిన గుర్తు. ఆ రంధ్రాలు చూసి కంగారు పడి లాభం లేదు, కొత్తవి పడుతున్నాయా లేదా అన్నదే లెక్క. అందుకని పాత రంధ్రాలన్నిటికీ మైనం పెట్టించి, కింద తెల్ల కాగితాలు అంటించి ఎండాకాలం దాకా చూడమన్నాను. మొత్తం గుమ్మాల్లో సగానికి పైగా కొత్త రంధ్రం ఒక్కటీ పడలేదు, ఆ సగం గుమ్మాలకి అసలు పనే లేదన్నమాట. పడినవాటికి మాత్రం తెల్లచెక్క పట్టీ మీద పాలిష్ గీకించి, రంధ్రాల్లోకి సాల్వెంట్‌లో కలిపిన మందు సిరంజితో ఎక్కించి, ఆరాక మళ్లీ పాలిష్ మూయించాం. పాలిష్ మూయడం కూడా ట్రీట్‌మెంటే, లిక్టస్ ఆడపురుగు గుడ్లు పెట్టేది మూతలేని కర్ర సూక్ష్మరంధ్రాల్లోనే.

చెదలు నిజంగా ఉన్నది వంటింటి గుమ్మానికి. మట్టి గొట్టాలు ముందు కనపడలేదు, గోడకీ గుమ్మానికీ మధ్య కొట్టిన బీడింగ్ తీస్తే వెనక మోచేతి ఎత్తు దాకా ఉన్నాయి. కట్టేముందు పునాది మట్టికి యాంటీ టెర్మైట్ (చెదల మందు) చేయించారట, బిల్లు కూడా చూపించారు, చేసే ఉంటారు. కానీ తర్వాత సింకు డ్రైన్ పైపు కోసం ఆ మూలే తవ్వారు, మందు కలిసిన మట్టి ఎత్తిపోసి వేరే మట్టి నింపేశారు, దాంతో చెదలకి అడ్డుగోడలా ఉన్న ఆ మందు మట్టికి అక్కడ కన్నం పడింది. ఇంకోటి, ఆ స్థలం ఒకప్పుడు కొబ్బరి తోట. చెట్లు కొట్టేసి మొద్దులు పెకలించకుండా పైన ఫిల్లింగ్ వేసేశారు, వంటింటి వెనక తవ్వితే మొద్దొకటి, సెంట్రింగ్ చెక్క ముక్కలు కొన్ని బయటపడ్డాయి, మొద్దు నిండా చెదలే. కోనసీమలో ఇల్లు కట్టేవాళ్లకి ఇది గట్టిగా చెప్తున్నా, మొద్దు తీయించడానికి అయ్యే జేసీబీ ఖర్చుకి వెనకాడకండి.

దానికి పని ఏంటంటే మొద్దూ చెక్కలూ తీసేయడం, ఆ మూల మట్టికి మళ్లీ మందు, లోపల గోడా నేలా కలిసేచోట 300 మిల్లీమీటర్లకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు నింపి మూసేయడం. ఇది ఇండియన్ స్టాండర్డ్ ఐఎస్ 6313 మూడో భాగంలో కట్టేసిన ఇళ్లకి చెప్పిన పద్ధతే. ఆ ఒక్క గుమ్మం మాత్రం మార్చాల్సి వచ్చింది, అడుగున జానెడు మేర లోపలంతా డొల్ల. కర్రలో తేమ కొలిచే మీటరు పెడితే అడుగున 28 శాతం దాటి చూపించింది. ఎందుకంటే గుమ్మం కాళ్లు టైల్స్ కిందకి రెండంగుళాలు దిగేసి ఉన్నాయి, కడిగిన నీళ్లన్నీ కర్ర చివర నుంచి పైకి పీల్చుకుంటున్నాయి. కర్రకి నీళ్లు పక్కల నుంచి కన్నా చివరల నుంచి ఎన్నో రెట్లు వేగంగా ఎక్కుతాయి, దిగుతాయి కూడా. కొత్త గుమ్మం కాళ్లు గ్రానైట్ ముక్క మీద నిలబెట్టి, చివరలకి ఎపాక్సీ పట్టించాం.

ఇక అసలు విషయం, కుదించుకుపోవడం. గుమ్మాల జాయింట్లు తెరుచుకున్నాయి, గోడకీ గుమ్మానికీ మధ్య ప్లాస్టర్ విడిచింది, ఆ సందుల్లోంచి చీమలు వస్తుంటే అవీ చెదలే అనుకున్నారు. వడ్రంగి మేస్త్రి పాత పుస్తకం తెప్పిస్తే చిత్రిక పట్టాక గుమ్మం వెడల్పు 120 మిల్లీమీటర్లు అని రాసి ఉంది. ఇప్పుడు కొలిస్తే 116. ఇక్కడే లెక్క దొరుకుతుంది. పచ్చి కర్ర ఆరుతున్నప్పుడు ముందు కణాల మధ్య ఖాళీల్లో నీళ్లు పోతాయి, అప్పుడు కర్ర తగ్గదు. తేమ 28, 30 శాతం దగ్గరికొచ్చాక కణాల గోడల్లోని నీళ్లు పోవడం మొదలవుతుంది, అక్కడి నుంచి ప్రతి ఒక శాతం తేమకీ కర్ర అడ్డంగా సుమారు 0.2 నుంచి 0.25 శాతం తగ్గుతుంది. పొడవునా తగ్గడం లెక్కలోకి రాదు. 120లో 4 మిల్లీమీటర్లంటే 3.3 శాతం, అంటే తేమ ఒక 14, 15 పాయింట్లు పడింది. ఇప్పుడు ఆ గుమ్మాలు మీటరులో 15 శాతం దగ్గరున్నాయి. వెనక్కి లెక్కేస్తే బిగించిన రోజు 30. అది పచ్చి కర్రే.

మేస్త్రి ఒప్పుకోలేదు, "మాను కొట్టి సంవత్సరం పైనే పడేసి ఉంచామండి, పచ్చిదెలా అవుద్ది". ఈ మాట ప్రతి సైటులోనూ వింటాను. మాను బెరడుతో మామిడిచెట్టు నీడలో పడుంటే సంవత్సరమైనా చివర ఒక అడుగు పగుళ్లిచ్చి ఎండుతుంది తప్ప మధ్యలో ఏం ఎండదు. సీజనింగ్ (కర్రని వాడేముందు ఆరబెట్టడం) అనేది కోసిన రోజు నుంచి లెక్క, కొట్టిన రోజు నుంచి కాదు. అదృష్టంకొద్దీ వాళ్ల దొడ్లో ఇంకో వేప దుంగ మిగిలే ఉంది, అదే బ్యాచ్‌ది, దాన్ని అందరి ముందూ కోయించి మధ్యలో మీటరు సూదులు గుచ్చితే రీడింగ్ మీటరు పరిధి దాటిపోయింది. మేస్త్రి ఇంకేం మాట్లాడలేదు.

మరి ఎంత తేమ ఉండాలి? ఐఎస్ 287 దేశాన్ని గాలిలో తేమని బట్టి నాలుగు జోన్లు చేసింది, సగటు తేమ 67 శాతం దాటితే నాలుగో జోను, మన కోస్తా అందులోకే వస్తుంది. అక్కడ తలుపులు కిటికీల పనికి 50 మిల్లీమీటర్లు, ఆ పైన మందం ఉన్న కర్రకి 16 శాతం దాకా, అంతకన్నా పల్చటిదానికి 14 దాకా ఓకే. అదే మూడో జోనులో 14, 12, ఇంకా పొడిగా ఉండే రెండో జోనుకైతే 12, 10. అందుకే కోస్తాలో చేయించిన తలుపు చక్కగా సీజన్ అయినదైనా సరే, పొడిగా ఉండే ఊరికి తీసుకెళ్తే మళ్లీ తగ్గుతుంది, అక్కడ కొన్నాళ్లు ఉంచి అప్పుడు ఫైనల్ చిత్రిక పట్టించుకోవాలి.

మీటరు లేనివాళ్లకి ఒక పద్ధతి. చెక్క చివర నుంచి అడుగు పైన లోపలికి వదిలి అంగుళం ముక్క కోయండి, చివర ముక్క పనికిరాదు, అది ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. వెంటనే తూకం వేయండి, 103 డిగ్రీల ఓవెన్లో బరువు ఇక తగ్గని దాకా ఉంచి మళ్లీ తూయండి. మా ముక్క ఒకటి ముందు 212 గ్రాములు, ఎండాక 176. పోయిన నీళ్లు 36, దాన్ని ఎండిన బరువు 176తో భాగిస్తే ఇరవైన్నర శాతం. ఇంకా ఆగాలన్నమాట.

ఇక తలుపులు. పానెల్ తలుపులు బాగానే ఉన్నాయి, పానెల్ అంచున పాలిష్ అంటని తెల్ల గీత ఒకటి బయటపడింది అంతే, అంటే పానెల్ గాడిలోపల ఫ్రీగా కదిలిందని, అది తప్పు కాదు, పానెల్ తలుపు పుట్టిందే అందుకు. ఒకే చెక్కలా అంటించిన తలుపులే చెడ్డాయి. 900 మిల్లీమీటర్ల వెడల్పు టేకు తలుపు, వానాకాలానికీ ఎండాకాలానికీ తేమ 6 పాయింట్లు మారితే 0.2 చొప్పున పది పదకొండు మిల్లీమీటర్లు కదులుతుంది. వానల్లో బిగుసుకుపోతే మేస్త్రి అంచు చిత్రిక పట్టాడు, ఎండల్లో చిటికెన వేలు దూరే సందు వచ్చింది. ఆ సందుకి ఇప్పుడు రబ్బరు బీడింగ్ కొట్టించాం, అంతకన్నా చేసేదేం లేదు. ఫోన్లో ఫొటో చూపించి ఇలాంటి ఒక్క చెక్క తలుపు కావాలని అడిగేవాళ్లకి నేనైతే ప్లైవుడ్ కోర్ మీద టేకు వెనీర్ (పల్చటి టేకు పొర) వేయించుకోమంటాను, అసలు టేకు కాదని ఎవరైనా మూతి విరిస్తే విరవనివ్వండి.

మార్చాల్సిన గుమ్మాలకి (వంటింటిది, ఇంకా జాయింట్లు మరీ తెరుచుకున్నవి పైన ఒకట్రెండు) ఆ మిగిలిన దుంగే వాడాం. ఫైనల్ సైజు కన్నా ఏడెనిమిది మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టి కోయించి, తెల్లచెక్క అంచులు కొట్టేయించాను, కలప తక్కువొచ్చిందని ఓనరు గారు కొంచెం బాధపడ్డారు. అది పచ్చిగా ఉండటం ఇప్పుడు మాకు లాభమే, ఎందుకంటే బోరాన్ ట్రీట్‌మెంట్‌కి పచ్చి కర్రే కావాలి. బోరాక్స్ మూడు పాళ్లు, బోరిక్ యాసిడ్ రెండు పాళ్లు, రెండూ కలిస్తేనే నీళ్లలో బాగా కరుగుతాయి, గట్టి ద్రావణం కావాలంటే నీళ్లు వేడి చేయాల్సిందే. చెక్కలు అందులో ముంచి తీసి, ఒకదాని మీద ఒకటి దగ్గరగా పేర్చి, టార్పాలిన్‌తో గాలి చొరకుండా చుట్టేయాలి. ఆరనివ్వకూడదు. కర్రలోని తడిలోంచే బోరాన్ మెల్లగా లోపలికి పాకుతుంది, అంగుళం లోతుకి సుమారు నెల పడుతుంది. చేవలోకి తక్కువే వెళ్తుంది, ఎక్కడైనా మిగిలిపోయిన తెల్లచెక్కలోకి బాగా వెళ్తుంది, మనక్కావాల్సింది కూడా అక్కడే. మనుషులకి పెద్ద ప్రమాదం లేని మందు, రంగు మారదు, పైన పాలిష్ పడుతుంది. ఒకే లోపం, వానలో తడిస్తే కరిగి పోతుంది, అందుకని ఇంటి లోపలి గుమ్మాలకే.

టార్పాలిన్ తీశాక పేర్చడం. నేల నుంచి అడుగు పైన ఎత్తులో సిమెంటు దిమ్మలు, వాటి మీద చెక్క వరస, అడ్డంగా రెండడుగులకొక బద్ద, మళ్లీ వరస. బద్దలన్నీ ఒకే మందం ఉండాలి, పై వరస బద్ద కింది వరస బద్ద మీదకే నిట్టనిలువుగా రావాలి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ సైట్లలో ఎక్కువ చెక్కలు వంకరపోయేది బద్దలు అటూ ఇటూ పెట్టడం వల్లే. చివరలకి మైనం గానీ పాత ఆయిల్ పెయింటు గానీ దట్టంగా పూయాలి. పైన రేకు, పక్కల తెరిచి. మే నెల వడగాలి నేరుగా తగిలేవైపు మాత్రం గోనెపట్టాలు కట్టించాను, పైపైన గబగబా ఎండి లోపల తడి ఉండిపోతే పగుళ్లే. అంగుళం పలక మన ఎండలకి రెండు మూడు నెలల్లో దారికొస్తుంది, మూడంగుళాల గుమ్మం కర్ర అలా రాదు, మందం రెట్టింపైతే టైము రెట్టింపు కన్నా చాలా ఎక్కువ పడుతుంది. అంత టైము లేనివాళ్లు వేడిగాలితో కర్ర ఆరబెట్టే కిల్న్‌కి పంపాలి, అక్కడ వేడికి లోపలి పురుగులూ చస్తాయి (ఎగుమతి పెట్టెల కలపకి అంతర్జాతీయ రూలు కర్ర మధ్యభాగంలో 56 డిగ్రీలు 30 నిమిషాలు), కానీ తర్వాత కొత్త పురుగు రాకుండా కిల్న్ ఆపలేదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి.

ఈ ఇంటి జాగాలో అంతకుముందు పాత మండువా లోగిలి ఉండేది. దాని బర్మా టేకు దూలాలు, స్తంభాలు పడగొట్టేటప్పుడు ఎవరికో లాటుగా అమ్మేశారు. కాకినాడ వైపు నుంచి రంగూన్‌కి ఓడలు తిరిగిన రోజుల్లో వచ్చిన కర్ర, మయన్మార్ 2014 ఏప్రిల్ నుంచి దుంగల ఎగుమతే ఆపేసింది. దశాబ్దాల పాటు ఆ ఇంట్లోనే ఆరిన కర్ర అమ్మేసి పచ్చి వేప పెట్టుకున్నారు. ఏం చెప్తాం.

వరండా స్తంభాలకి మాత్రం ఆ పాత ఇల్లే పాఠం. నల్లమద్ది గట్టి కర్ర, కానీ ఆరేటప్పుడు పగుళ్లివ్వడంలో మొండిది, ఈ నాలుగింటికీ నిలువునా పగుళ్లున్నాయి, అవి బలానికి పెద్ద నష్టం కాదు. నష్టం అడుగున. స్తంభాన్ని ఫ్లోరింగ్ కాంక్రీటులోకే దించేశారు, వానజల్లు పడి అడుగు ఎప్పుడూ తడే, తేమ 20 శాతం పైన అలాగే ఉంటే బూజు జాతి కర్రని తినడం మొదలెడుతుంది. పాత లోగిళ్లలో చూడండి, ఏ స్తంభమూ నేల తాకదు, రాతి దిమ్మ మీద కూర్చుంటుంది, పైన చూరు చాలా ముందుకి వాలి ఉంటుంది. ఓనరు గారబ్బాయి నెట్‌లో చదివి సీసీఏ (రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిసిన మందు) ప్రెషర్ ట్రీట్‌మెంట్ చేయిద్దామన్నాడు. ఆ మందు కనిపెట్టింది సొంటి కామేశం గారు, ఇంటిపేరు మన తెలుగుదే, 1933లో డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో. రాగి, ఆర్సెనిక్‌లని క్రోమియం కర్రలో బిగించేస్తుంది, వానకి కడుక్కుపోవు, ప్రపంచమంతా స్తంభాలకి, కూలింగ్ టవర్లకి వాడారు. ఆర్సెనిక్ భయంతో అమెరికాలో 2003 చివరికి ఇళ్ల వాడకానికి ఆపేశారు, మనిషి చెయ్యి తగిలే చోట నేనూ వద్దంటాను, ఆర్సెనిక్ బదులు బోరాన్ ఉండే సీసీబీ ఉంది. కానీ ఇక్కడ అసలు విషయం వేరే, ప్రెషర్‌లో మందు తెల్లచెక్క తాగినట్టు చేవ తాగదు, ఈ స్తంభాలు దాదాపు మొత్తం చేవే. లారీ కిరాయి వేస్ట్ అని చెప్పాను. కింద అడుగున్నర కుళ్లిన మేర కోసేసి, గ్రానైట్ దిమ్మలు చెక్కించి, మధ్యలో స్టెయిన్‌లెస్ కడ్డీ పెట్టి స్తంభాలు వాటి మీద కూర్చోబెట్టాం. వరండా రేకు రెండడుగులు ముందుకి పెంచాం.

మొత్తం మీద మారింది మూడు గుమ్మాలు, మిగతావన్నీ ఉన్నవే, జాయింట్లలో బద్దలు కొట్టి బిగించి ప్లాస్టర్ సందులు సీలెంట్‌తో మూయించాం. వాటికి ఇప్పుడు సీజనింగ్ అయిపోయినట్టే, గోడలోనే ఉండి ఆరాయి, ఇక పెద్దగా తగ్గవు, పీకేస్తే డబ్బు దండగ. ఒక్క మేడమీద ఏసీ గది తలుపు ఇంకా వేధిస్తోంది. లోపలివైపు ఏసీ పొడిగాలి, బయటివైపు కోనసీమ గాలి, తలుపు విల్లులా వంగుతుంది. విప్పి చూస్తే పై అంచుకీ కింది అంచుకీ పాలిష్ చుక్క కూడా లేదు, కనపడదు కదా అని వడ్రంగులు వదిలేస్తారు, తేమ దూరేది ముందు అక్కడే. నాలుగు అంచులూ రెండు వైపులా సమానంగా పీయూ (పాలియురెథేన్) కోటింగ్ వేయించి, మధ్యలో మూడో బందు అదనంగా కొట్టించాను. వంపు సగం తగ్గింది, వచ్చే వానాకాలం కూడా చూసి, అప్పటికీ తాళం పడకపోతే ఆ తలుపు ఒక్కటి వెనీర్‌ది పెట్టించుకోమని చెప్పాను.